రానున్న క్రికెట్ ఆటలో ఉప్పల్ ఏ భాషలో మాట్లాడుతుంది?

అమెరికాలో బేస్‌బాల్ ఋతువు వసంతంతో ఆరంభమవుతుంది. ఇంచుమించు అదే సమయానికి, సాధారణంగా మార్చి మాసంలో, 'ఎం.ఎల్.బి. ది షో' అనే వీడియో ఆట ఏటేటా కొత్త కూర్పుతో వెలువడుతుంది. సోనీ సంస్థకు చెందిన శాన్ డియేగో స్టూడియో 2006 నుండి ఈ పరంపరను సాగిస్తున్నది. కూర్పు రావడానికి నెలల ముందునుండే అక్కడి యువకులు ఈసారి ఏమి మెరుగుపడనున్నదో ఊహించుకుంటూ, వాదించుకుంటూ ఉంటారు. బంతి నేలను తాకి లేచే తీరు సహజంగా ఉంటుందా? ఫీల్డర్ అడుగులు తడబడకుండా కదులుతాడా? లేక నిరుటి సరుకునే కొత్త అట్టలో పెట్టి అమ్మబోతున్నారా? మన విద్యార్థులకు బేస్‌బాల్‌తో పరిచయం తక్కువ. కాని ఈ నిరీక్షణ వారికి కొత్త కాదు. క్రికెట్ వీడియో ఆటల విషయంలో వారూ ఇవే ప్రశ్నలు వేసుకుంటారు, ఇంతే వేడిగా వాదించుకుంటారు.

కళాశాల వార్షిక సంచికలో ఈ ప్రస్తావన ఎందుకని కమిటీ పెద్దలు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న సమంజసమే. నా సమాధానం ఇది. అంబర్‌పేట నుండి రామంతాపూర్ మీదుగా కొద్ది దూరం పోతే ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఉన్నది. మన విద్యార్థులలో టిక్కెట్టు కొని ఆ ద్వారం దాటినవారికంటె ఫోను అద్దం మీద క్రికెట్ ఆడినవారే ఎక్కువని నా అంచనా. తమ ఊరి మైదానం, తమ ఊరి ఆటగాళ్ళు వారికి పరిచయమయ్యేది చాలావరకు ఆ అద్దం ద్వారానే. కాబట్టి ఆ అద్దంలో ఏమి కనిపిస్తున్నది, ఏ భాష వినిపిస్తున్నది అన్నది భాషాధ్యాపకుడు పట్టించుకోదగిన సంగతే.

విద్యార్థులు కోరే మెరుగులు దాదాపు అన్నీ కంటికి సంబంధించినవి. గడ్డి పచ్చదనం, ముఖాల పోలిక, చొక్కా మీది ముడత, సాయంత్రపు నీడ. ఇవి ఎలాగూ వస్తాయి. యంత్రాల శక్తి పెరిగేకొద్దీ వాటంతట అవే వస్తాయి. ఎవరూ గట్టిగా అడగని మెరుగులు రెండు ఉన్నాయి. ఒకటి జ్ఞాపకానికి, ఇంకొకటి చెవికి సంబంధించినవి. అడగనిదే అవి రావు.

మొదట జ్ఞాపకం సంగతి. ఈ విషయంలో బేస్‌బాల్ ఆట చేసిన పని ఒకటి గమనించదగినది. అమెరికాలో చాలాకాలం నల్లజాతి ఆటగాళ్ళను పెద్ద లీగులలోకి రానివ్వలేదు. వారు తమ సొంత లీగులు ఏర్పరచుకొని ఆడారు. 1920లో రూబ్ ఫాస్టర్ నాయకత్వాన కాన్సాస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్ పుట్టింది. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరపున దిగినప్పుడు గాని ఆ అడ్డుగోడ బీటలు వారలేదు. 2023 కూర్పులో 'ది షో' నిర్మాతలు కాన్సాస్ సిటీలోని నీగ్రో లీగుల మ్యూజియంతో కలసి ఆ చరిత్రను ఆటలో చేర్చారు. మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ స్వయంగా కథ చెబుతుంటాడు. ఆడేవాడు సాచెల్ పేజ్‌గా బంతి విసురుతాడు, జాకీ రాబిన్సన్‌గా పరుగెత్తుతాడు. మరుసటి ఏటి కూర్పులో జోష్ గిబ్సన్ వచ్చాడు, పురుషులతో సమానంగా ఆ లీగులో ఆడిన టోనీ స్టోన్ అనే వనిత వచ్చింది. అదే 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ నీగ్రో లీగుల లెక్కలను తన అధికారిక గణాంకాలలో కలుపుకోగా, జీవితకాలపు బ్యాటింగ్ సగటులో జోష్ గిబ్సన్ అగ్రస్థానానికి చేరాడు. పుస్తకం పట్టని పిల్లవాడికి కూడా ఆ పేర్లు తెలిశాయి. గ్రాఫిక్స్ ఎంత మెరుగుపడినా సాధించలేని ఫలితమిది.

క్రికెట్ ఆటల నిర్మాతలకు హైదరాబాద్‌లో ఇటువంటి సామగ్రికి కొదవ ఉన్నదా? 1930 దశకారంభంలో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ నుండి ఎత్తుకోవచ్చు. 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో మన నగరపు మొట్టమొదటి టెస్టు న్యూజిలాండ్‌తో జరిగింది. ఆ టెస్టులో భారత జట్టు నాయకుడు హైదరాబాద్ వాడే, ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. ఆ మ్యాచ్‌లోనే పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టులలో భారతీయుడి మొదటి ద్విశతకం అది. 1959లో మాంచెస్టర్‌లో అబ్బాస్ అలీ బేగ్ ఆడిన మొదటి టెస్టులోనే శతకం కొట్టాడు. 1967లో అడిలైడ్‌లో సయ్యద్ ఆబిద్ అలీ తన తొలి టెస్టులో 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. 1971లో ఓవల్‌లో గెలుపు పరుగులు కొట్టిన బ్యాటు కూడా ఆయనదే. చివరి దశలో ఆయన బేస్‌బాల్ దేశమైన అమెరికాలోనే నివసించి, 2025 మార్చిలో కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. అజహరుద్దీన్ మణికట్టు మాయను, మొదటి మూడు టెస్టులలో కొట్టిన మూడు శతకాలను నేను వర్ణించనవసరం లేదు. 2002లో టాంటన్‌లో 214 పరుగులు చేసి మహిళల టెస్టు క్రికెట్‌లో అప్పటి ప్రపంచ రికార్డును నెలకొల్పిన మిథాలి రాజ్ పెరిగినది ఇక్కడే. 2023 ఆసియా కప్ అంతిమ పోటీలో 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50 పరుగులకు కూల్చిన సిరాజ్ ఈ నగరపు వీధులలో ఆడినవాడే.

జయసింహను వేరుగా పేర్కొనడానికి కారణం ఉన్నది. 1960లో ఆస్ట్రేలియాతో కలకత్తాలో జరిగిన టెస్టులో ఐదు రోజులూ ఏదో ఒక సమయాన క్రీజులో నిలిచిన బ్యాట్స్‌మన్ ఆయన. టెస్టు చరిత్రలో అలా చేసిన మొదటివాడు. పాకిస్తాన్‌పై కాన్పూరులో ఎనిమిది గంటలకు పైగా ఆడి 99 వద్ద ఔటయ్యాడు. ఇప్పటి వీడియో ఆటలలో ఈ ఓర్పుకు చోటు లేదు. నాలుగు బంతులు వదిలేస్తే మన పిల్లలకు చేతి వేళ్ళు దురద పెడతాయి. రానున్న ఆటలో జయసింహ ఇన్నింగ్స్‌ను ఒక సవాలుగా ఉంచి, 'ఈ పూటంతా నిలబడు, పరుగుల మాట తరువాత' అంటే ఎందరు నిలుస్తారో చూడాలని నాకు సరదా.

మైదానం మాట కూడా ఇలాగే ఉన్నది. ఆటలలో స్టేడియం అంటే చాలావరకు బయటి ఆకారమే. లోపలి పిచ్ అన్నిచోట్లా ఒకే రకం. ఉప్పల్ పిచ్ ఒకే స్వభావం గలది కాదు. 2009 నవంబరు 5న ఆస్ట్రేలియా 350 కొట్టగా, సచిన్ 175 కొట్టినా మనం 3 పరుగులతో ఓడిపోయాము. 2024 జనవరిలో మొదటి ఇన్నింగ్స్‌లో 190 పరుగుల ఆధిక్యం సంపాదించి కూడా, ఆలీ పోప్ 196 కొట్టి, టామ్ హార్ట్‌లీ 7 వికెట్లు తీయగా, ఇంగ్లండ్ చేతిలో 28 పరుగులతో టెస్టు పోగొట్టుకున్నాము. 2025 మార్చిలో ఇదే నేలపై సన్‌రైజర్స్ 20 ఓవర్లలో 286 కొట్టింది. ఒకే మైదానంలో ఇన్ని స్వభావాలు కనబడతాయి. ఆట తయారుచేసేవారు ఉప్పల్‌కు పైకప్పు, ఫ్లడ్ లైట్లు గీసి ఊరుకుంటే అది ఉప్పల్ కాదు.

ఇక చెవి సంగతి. నా అసలు ఫిర్యాదు ఇక్కడ ఉన్నది, అసలు ఆశ కూడా ఇక్కడే.

2006 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 'క్రికెట్ 07' విడుదల చేసింది. ఆ తరువాత ఆ పరంపర ఆగిపోయింది. అయినా మన నగరంలోనూ, ఇతర నగరాలలోనూ యువకులు ఏళ్ళ తరబడి దానినే ఆడారు. జట్లు మారితే జట్లు మార్చుకున్నారు, ఐ.పి.ఎల్. వస్తే దుస్తులు మార్చుకున్నారు. నిర్మాత వదిలేసిన ఆటను అభిమానులే బ్రతికించారు. అందులో వ్యాఖ్యానం మార్క్ నికొలస్, రిచీ బెనో కంఠాలది. ఒక తరం హైదరాబాద్ కుర్రవాళ్ళ ఊహలో సిక్సర్ అంటే బెనో గొంతు. బెనో గొప్ప వ్యాఖ్యాత, సందేహం లేదు. ఐతే 2018 చివరలో తెలుగు క్రీడా ఛానల్ వచ్చి, ఐ.పి.ఎల్.ను తెలుగులో వినిపించడం మొదలుపెట్టిన తరువాత, ఇంటిలో టీవీ తెలుగులో మాట్లాడుతుంటే చేతిలో ఆట మాత్రం ఆంగ్లంలోనే మాట్లాడడం వింతగా లేదా? చెన్నైకి చెందిన నెక్స్ట్‌వేవ్ సంస్థ తన 'వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్ 3' వ్యాఖ్యాతలలో మన హైదరాబాద్ ఎడమచేతి స్పిన్నర్ వెంకటపతి రాజును చేర్చుకున్నది. తలుపు కొద్దిగా తెరుచుకున్నదన్న మాట.

తెలుగు వ్యాఖ్యానం అంటే ఆంగ్ల వాక్యాలను తెలుగు చేసి చదివించడం అనుకుంటే పొరపాటు. ఆటలో వ్యాఖ్యానం తయారయ్యే విధానం వేరు. వ్యాఖ్యాత మొత్తం మ్యాచ్‌ను వరుసగా వర్ణించడు. వేలకొద్దీ చిన్న వాక్యాలు, వాక్య ఖండాలు, పేర్లు, సంఖ్యలు విడివిడిగా చదివి రికార్డు చేయిస్తాడు. ఆట సాగుతుండగా కంప్యూటరు సందర్భానుసారం ముక్కలను ఏరి అతికిస్తుంది. ముక్కలు తక్కువైతే మూడో ఓవరుకే అవే మాటలు మళ్ళీ వినిపిస్తాయి. నాలుగో ఓవరుకు పిల్లలు శబ్దం కట్టేస్తారు. ఆంగ్లంలో ఈ అతుకుల పని సులభం. పేరు ఎక్కడ పెట్టినా దాని రూపం ఇంచుమించు మారదు. మన భాషలో విభక్తి పేరుకు అంటుకుపోతుంది. సిరాజ్‌కు, సిరాజ్‌ను, సిరాజ్‌తో. రాయుడు ఐతే రాయుడికి, రాయుణ్ణి, రాయుడి బ్యాటు. ఒక్కొక్క పేరును నాలుగైదు రూపాలలో చదివించనిదే అతుకు కనిపించకుండా పోదు. సంఖ్యలలో ఇంకో చిక్కు. మూడు వికెట్లు, మూడు పరుగులు అంటాము గాని మూడు ఫీల్డర్లు అనము, ముగ్గురు అనాలి. మనుషులను వేరుగా లెక్కించే మర్యాద మన భాషకు ఉన్నది, యంత్రానికి ఎవరో ఒకరు ఆ మర్యాద నేర్పాలి.

క్రియలో లింగభేదం ఇంకా పెద్ద పని. కొట్టాడు, కొట్టింది. 'ది షో' 2024 కూర్పులో స్త్రీ క్రీడాకారిణి జీవితాన్ని మొదటినుండి ఆడే అవకాశం కల్పించారు. ఆంగ్లంలో దానికి సర్వనామాలు మారిస్తే చాలావరకు సరిపోతుంది. తెలుగులో మహిళా జట్లు ఆడాలంటే దాదాపు ప్రతి వాక్యాన్నీ రెండోసారి వ్రాసి, చదివించాలి. ఖర్చు అని వదిలేస్తారేమోనని నా భయం. మిథాలి ఆడిన నగరంలో 'మిథాలి కొట్టాడు' అని వినవలసి వస్తే అంతకంటె అవమానం లేదు. గౌరవ బహువచనం కావాలా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆట సాగుతున్నంతసేపు వద్దంటాను. 'వారు బంతిని బాదారు' అంటే బంతి వేగం తగ్గిపోతుంది. ఆట ముగిశాక సన్మానంలో వాడుకోవచ్చు.

ఉర్దూ విభాగంలోని మిత్రులకు లెక్క మరో విధంగా ఉంటుంది. 'సిరాజ్ నే చౌకా మారా', 'మిథాలీ నే చౌకా మారా'. అక్కడ క్రియ ఆటగాణ్ణి చూడదు, చౌకాను చూస్తుంది. 'గేంద్ ఫేంకీ' అన్నప్పుడు బంతి స్త్రీలింగం కాబట్టి క్రియ ఆ రూపం తీసుకుంటుంది. కాని పరుగెత్తడం దగ్గరికి వచ్చేసరికి దౌడా, దౌడీ వేరవుతాయి. రెండు భాషల వ్యాకరణాలనూ పక్కపక్కన పెట్టి చూడడానికి ఇంతకంటె సరదా అయిన సందర్భం తరగతి గదిలో నాకు దొరకలేదు.

ఇవన్నీ ఇబ్బందులే అనుకోకండి. మన వాక్యంలో క్రియ చివర రావడం క్రికెట్‌కు ఒక వరం. 'గాలిలోకి లేచిన బంతి కింద లాంగ్ ఆన్‌లో ఒక్కడే, వెనక్కి నాలుగడుగులు వేసి, తల పైకెత్తి, రెండు చేతులూ చాచి...' అని వ్యాఖ్యాత వాక్యాన్ని సాగదీస్తూ పోవచ్చు. బంతి దిగేవరకు ఫలితం చెప్పనక్కరలేదు. పట్టాడా, వదిలేశాడా అన్నది చివరి ఒక్క మాటలో తేలుతుంది. కంప్యూటరు కూడా సరిగా అంతవరకే ఆగి ఆ ఒక్క మాట ఎంచుకోవచ్చు. ఆంగ్ల వ్యాఖ్యాత ఇదే ఉత్కంఠ కోసం వాక్యాన్ని మధ్యలో తెంపవలసి ఉంటుంది.

పరిభాష విషయంలో నాకు చాదస్తం లేదు. వికెట్ వికెట్టే, గూగ్లీ గూగ్లీయే. వాటికి సంస్కృతం నుండి మారుపేర్లు తెచ్చి అతికిస్తే విన్నవాడు నవ్వుతాడు. పరుగు, బంతి, సున్నా చుట్టడం వంటివి ఎలాగూ మన మాటల్లో కలిసిపోయాయి. నేను భయపడేది పత్రికల క్రీడాపుటలలో అరిగిపోయిన మాటలకు. 'చెలరేగిపోయాడు', 'కుప్పకూలింది', 'పెవిలియన్ దారి పట్టాడు', 'వీరవిహారం చేశాడు'. పత్రికలో రోజుకొకసారి చదివితే సరిపోతుంది, ఆటలో గంటకు పదిసార్లు వింటే ప్రాణం విసుగుతుంది. ఉప్పల్ గ్యాలరీలో వినిపించే భాష వీటిలో ఏదీ కాదు. తెలుగు వాక్యం మధ్యలో దక్కనీ మాట దూరుతుంది, దక్కనీ వాక్యం తెలుగు యాసలో ముగుస్తుంది. 'క్యా మారా రే' అని ఒకడు అరిస్తే, పక్కవాడు 'ఏం కొట్టిండు భయ్' అంటాడు. ఆటలలోని ప్రేక్షకుల హోరు మాత్రం ఏ ఊరిలోనైనా ఒకటే. ఆ హోరులో మన మాట కొంత వినపడాలి.

మెరుగు పేరుతో వద్దనవలసినది కూడా ఒకటి ఉన్నది. ఇటీవలి క్రీడా వీడియో ఆటలలో ఆటగాళ్ళ బొమ్మలుండే చీటీల కట్టలు డబ్బుకు అమ్ముతారు. ఏ చీటీ వస్తుందో విప్పేవరకు తెలియదు. 'ది షో'లోనూ ఈ అలవాటు ఉన్నది. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. చీటీల కట్ట పందెం కాదని వాదించేవారున్నారు. నెలకు లెక్కపెట్టి ఖర్చు చేసుకొనే ఇళ్ళనుండి వచ్చిన మన విద్యార్థులకు ఆ సూక్ష్మభేదం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంకా మంచి చీటీ వస్తుందని ఎదురుచూడడం వేరు, ఇంకా మంచి ఆట వస్తుందని ఎదురుచూడడం వేరు.

ఇంతకూ ఈ మెరుగులు తెచ్చేదెవరు? ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉన్నది. క్రికెట్ జట్టును నడిపే వ్యూహాన్నే ఆటగా మలచిన హిట్‌వికెట్ సంస్థ ఈ నగరంలోనే పుట్టింది. మెట్రో రైలులో 'స్టేడియం' పేరుగల స్టేషను వద్ద ఎక్కితే, అదే మార్గం పశ్చిమాన రాయదుర్గం వరకు తీసుకుపోతుంది. స్టేడియానికీ, ఇటువంటి కార్యాలయాలున్న ప్రాంతానికీ మధ్య బండి మారవలసిన పని కూడా లేదు. మన కంప్యూటరు విభాగపు విద్యార్థులు ఆ వైపు ఉద్యోగాలకు ఆశపడుతున్నారు, సంతోషం. తెలుగు, ఉర్దూ విభాగాల విద్యార్థులు మాత్రం ఆ రైలు తమది కాదనుకుంటున్నారు. పై వాక్యాలన్నీ ఎవరు వ్రాయాలి? 'ముగ్గురు'కూ 'మూడు'కూ తేడా యంత్రానికి చెప్పగలవాడు భాష చదివినవాడే. మెలకువ గల సంస్థ ఏదైనా ఇటువంటివారి కోసం వెతుకుతుంది. మన దగ్గర చూపించడానికి పని ఉండాలి.

కాబట్టి కమిటీ పెద్దలకు నా మనవి చిన్నది. వచ్చే విద్యా సంవత్సరంలో మూడు విభాగాల నుండి నలుగురేసి విద్యార్థినీ విద్యార్థులను కలిపి ఒక బృందం ఏర్పరుద్దాము. వారు ఒక్క ఓవరుకు సరిపడే వ్యాఖ్యానాన్ని తయారుచేస్తారు: ఆరు బంతులు, ఒక్కొక్క బంతికి జరగగల పది పన్నెండు పరిణామాలు, పురుషులకు, స్త్రీలకు వేర్వేరుగా, తెలుగులోనూ ఉర్దూలోనూ. అంటే ఆ ఒక్క ఓవరుకే దాదాపు మూడువందల వాక్యాలు. రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం మనకు పొరుగే. మాట పలికించే పద్ధతి తెలిసినవారిని ఒక పూట పిలిపించుకోవచ్చు. గ్రంథాలయం వెనుక గది సాయంత్రం పూట ఖాళీగానే ఉంటుంది. రికార్డు చేసే పరికరం ఒకటి, బయటి హారన్ల మోత లోపలికి రాకుండా కిటికీలకు మందపాటి తెరలు రెండు మంజూరు చేస్తే చాలు. పేర్ల జాబితా నా వద్ద సిద్ధంగా ఉన్నది. గులాం అహ్మద్‌తో మొదలవుతుంది.